పాత పెట్టెలో క్రొత్త ప్రాసెసరు

లాప్‌టాప్ పనికిరాకుండ పోయినదని చెప్పునప్పుడు తరచుగా వెనుకబడినది దానిలోని ఒక్క భాగము మాత్రమే. తెర బాగుండును, మీటలు బాగుండును, మూత కీళ్ళు గట్టిగానే ఉండును. లోపలి బోర్డు మాత్రము కాలము గడచిన కొలది నెమ్మదించును. ఆ ఒక్కదాని కొరకు మొత్తము యంత్రమును మూల పెట్టుట లోకమునకు అలవాటైనది. మంథనిలోగాని, ఉట్నూరులోగాని ఒక ఉన్నత పాఠశాల బీరువా తెరచి చూచినచో ఇట్టి యంత్రములు ఒకటి రెండు కనిపించిన ఆశ్చర్యపడ నక్కరలేదు.

ఈ అలవాటును మార్చదలచి అమెరికాలోని ఫ్రేమ్‌వర్క్ అను సంస్థ 2021లో ఒక లాప్‌టాప్‌ను వెలువరించినది. ఒక్క స్క్రూడ్రైవరుతో దాని తెరను, బ్యాటరీని, మీటల పలకను, చివరకు ప్రధానమైన బోర్డును సైతము విప్పి మార్చుకొనవచ్చును. బోర్డు కొలతల చిత్రములను ఆ సంస్థ 2022లో అందరికీ అందుబాటులో ఉంచినది. దాని ఫలితముగా 2024 జూన్‌లో డీప్‌కంప్యూటింగ్ అను వేరొక సంస్థ అదే పెట్టెలో సరిగా ఇమిడెడు బోర్డును తాను తయారుచేయుచున్నట్లు ప్రకటించి, 2025 ఆరంభమున దానిని విడుదల చేసినది. ఇందులోని ప్రాసెసరు ఇంటెల్‌ది కాదు, ఎ.ఎం.డి.ది కాదు. అది రిస్క్-ఫైవ్ అను క్రొత్త జాతికి చెందినది.

బండి అదే, కాడి అదే. ఎడ్లు మాత్రము మారినవి. ఐతే ఆ క్రొత్త ఎడ్లకు పాత బండివాని అదిలింపు తెలియదు. ఆపరేటింగ్ సిస్టమ్ అనునది ఆ బండివాడే. వానికి క్రొత్త అదిలింపు నేర్పిన తీరు ఎట్లున్నది, ఆ పని ఎంతవరకు సాగినది, ఉత్తర తెలంగాణములోని ఒక బడికి అది ఏ మేరకు అక్కరకు వచ్చును అనునవి ఇక్కడ పరిశీలింపదగిన ప్రశ్నలు. ఈ బోర్డును మెచ్చుకొనిన వారును, తీసివేసిన వారును ఎక్కువగా దాని వేగమును గురించియే మాటలాడినారు. వేగము ఇందులో రెండవ విషయము.

ముందు జాతి భేదమును గురించి కొంత చెప్పవలెను. సిరిసిల్ల మరమగ్గముల మీద చీర అంచునకు పూవులు నేయుటకు వాడెడు జకార్డు అట్టలను చూచినవారికి ఇది తేలికగా బోధపడును. అట్టలోని ప్రతి రంధ్రము మగ్గము పైనున్న ఒక కొక్కెమునకు ఆజ్ఞ. రెండువందల నలుబది కొక్కెముల జకార్డు కొరకు గ్రుచ్చిన అట్టలను నాలుగువందల కొక్కెముల జకార్డుకు తగిలించినచో పూవు రాదు. పూవు యొక్క ఊహలో తప్పు లేదు, మగ్గములోను తప్పు లేదు; రెంటి నడుమనున్న ఆజ్ఞల పట్టిక వేరు. ప్రాసెసరునకును ఇట్టి ఆజ్ఞల పట్టిక ఒకటి ఉండును. ఇంటెల్, ఎ.ఎం.డి. ప్రాసెసర్లు ఒకే పట్టికను పాటించును. చేతి ఫోనులలోని ప్రాసెసర్లలో అధిక భాగము ఆర్మ్ అను వేరొక పట్టికను పాటించును. రిస్క్-ఫైవ్ మూడవది. ఇది 2010లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో క్రిస్టె అసనోవిచ్, ఆయన శిష్యులు ఆండ్రూ వాటర్‌మన్, యున్‌సుప్ లీలు ప్రారంభింపగా డేవిడ్ ప్యాటర్‌సన్ సహకారముతో రూపొందినది. దీని విశేష మేమనగా, ఈ పట్టికను వాడుకొనుటకు ఎవరికిని రుసుము చెల్లింప నక్కరలేదు. చెన్నైలోని ఐ.ఐ.టి. మద్రాసులో వి. కామకోటి నాయకత్వమున శక్తి అను ప్రాసెసర్లు ఈ పట్టిక ఆధారముగనే తయారైనవి; 2018లో వానిలో ఒకదానిపై లినక్స్ నడచినది. తిరువనంతపురములోని సీ-డాక్ వారి వేగ ప్రాసెసర్లును ఈ జాతివే. కాబట్టి ఈ చర్చ పరదేశపు ఆటవస్తువును గురించినది మాత్రమే కాదు. రేపు దేశీయమైన ప్రాసెసరుతో ఒక లాప్‌టాప్ వచ్చినను ఇవే చిక్కులు ఎదురగును.

ఒక యంత్రము కొరకు వ్రాసిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను మరొక జాతి యంత్రమునకు తరలించుటను పోర్టింగ్ అందురు. ఒకప్పుడు ఇది ఊహకు కూడా రాని పని. ప్రతి కంప్యూటరుకు దాని ఆపరేటింగ్ సిస్టమ్‌ను దాని ఆజ్ఞలలోనే మొదటి నుండి చివర వరకు వ్రాసెడివారు. 1973లో బెల్ ప్రయోగశాలలలో యునిక్స్‌ను సీ భాషలో తిరిగి వ్రాయుటతో దారి ఏర్పడినది. 1977 ప్రాంతమున డెన్నిస్ రిచీ, స్టీఫెన్ జాన్సన్‌లు దానిని ఇంటర్‌డేటా 8/32 అను యంత్రమునకు తరలించినారు. ఇంచుమించు అదే కాలమున ఆస్ట్రేలియాలోని ఉల్లంగాంగ్ విశ్వవిద్యాలయమున రిచర్డ్ మిల్లర్ ఇంటర్‌డేటా 7/32కు తరలించినాడు. లినక్స్ కూడ మొదట ఇంటెల్ 386 ఒక్కదాని కొరకే పుట్టి 1995లో ఆల్ఫా అను ప్రాసెసరు మీదికి చేరిన తరువాతనే నిజముగా పలు జాతుల సొత్తైనది. రిస్క్-ఫైవ్ అందు చేరినది 2018 జనవరిలో విడుదలైన 4.15వ కెర్నెల్‌లో. డెబియన్ పంపిణీ 2025 ఆగస్టు 9న విడుదలైన 13వ సంచికలో మొదటిసారిగా దీనిని తన అధికారిక జాతులలో నొకటిగా ప్రకటించినది. కెర్నెల్‌లో చేరుటకును, వేలకొలది ప్రోగ్రాములతో కూడిన పంపిణీ సిద్ధమగుటకును నడుమ ఏడేండ్లు పట్టినవన్న మాట. ఆ ఏడేండ్లలో జరిగిన పని కంటికి కనిపించునది కాదు. కాని ఈ కథలో మెచ్చదగిన భాగము అదియే.

ఉదాహరణకు తెలుగు లిపిని తీసికొనవచ్చును. ఒత్తులు, గుణింతములు తెరపై సరిగా కూర్చెడు హార్ఫ్‌బజ్ అను ప్రోగ్రామును ఏ ఒక్క ప్రాసెసరు కొరకో వ్రాయలేదు. అది మూలరూపములో అందరికి లభించుచున్నది. క్రొత్త జాతికి తగినట్లు కంపైలరుతో తిరిగి సిద్ధము చేసికొనిన చాలును, 'స్త్రీ' అను అక్షరము రిస్క్-ఫైవ్ మీదను ఇంటెల్ మీద వలెనే ఒత్తులతో సహా కనిపించును. ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలములోని గుంజాల గ్రామమున దొరకిన వ్రాతప్రతుల ద్వారా వెలుగులోనికి వచ్చిన గోండి లిపి సంగతియు అంతే. గుంజాల గోండి లిపికి 2018 జూన్‌లో వెలువడిన యూనికోడ్ 11వ సంచికలో చోటు లభించినది. ఆ స్థానము ఒకమారు నిర్ణయమైన పిదప, ఫాంటు ఒకమారు తయారైన పిదప, ప్రాసెసరు మారినంత మాత్రమున ఆ పని మరల చేయ నక్కరలేదు. చిన్న భాషలకు ఇంతకంటె మేలైన ఏర్పాటు లేదు. ఎంతో శ్రమపడి తెచ్చుకొనిన లిపి ఒక కంపెనీ ప్రాసెసరుతో ముడిపడి, దానితోపాటు అంతరించు ప్రమాదము తప్పినది.

ఐతే తిరిగి కంపైలు చేయుటయే పోర్టింగ్ అనుకొనుట పొరపాటు. సీ భాష కొన్ని సంగతులను యంత్రమునకే విడిచిపెట్టినది. అక్కడనే గుంటలు ఉన్నవి. వానిలో మూడింటిని ఉపాధ్యాయులు తరగతిలో చూపవచ్చును.

మొదటిది తెలుగుకే తగిలెడు గుంట. 'అ' అను అక్షరము కంప్యూటరులో సాధారణముగా మూడు బైట్లుగా నిలువ ఉండును: 224, 176, 133. ఇంగ్లీషు అక్షరములు 127కు మించవు. అందుచేత ఒక్కొక్కదానికి ఒక్క బైటు చాలును. సీ భాషలో ఒక బైటును 'చార్' అందురు. దానిని ఋణసంఖ్యలతో కూడినదానిగా చదువవలెనా, ధనసంఖ్యగా మాత్రమే చదువవలెనా అనునది భాష నిర్ణయింపలేదు. ఇంటెల్ జాతి లినక్స్‌లో మొదటి పద్ధతి, రిస్క్-ఫైవ్‌లో రెండవది. కావున అవే మూడు బైట్లు అక్కడ −32, −80, −123గా కనిపించును. ఇక్కడ 224, 176, 133గానే ఉండును. ఇంటెల్ యంత్రము ముందు కూర్చున్న ఒక ప్రోగ్రామరు 'సున్న కంటె తక్కువైనచో అది ఇంగ్లీషు కాని అక్షరము' అని వ్రాసినాడనుకొనుడు. అతని యంత్రము మీద ఆ పరీక్ష చక్కగా పనిచేయును. రిస్క్-ఫైవ్ మీద ఏ బైటును సున్న కంటె తక్కువ కాదు. ప్రోగ్రాము తెలుగును గుర్తింపదు, ఇంగ్లీషుగా భావించి మూడు ముక్కలుగా విడగొట్టును. ఇంగ్లీషు మాత్రమే వాడువారికి ఈ తప్పు జీవితకాలములో కనిపింపదు. తెలుగువారు వాడి చూచినగాని ఇది బయటపడదు. క్రొత్త జాతి యంత్రముల పరీక్షలో ప్రాంతీయ భాషలవారు పాల్గొనవలసిన అవసరమునకు ఇంతకంటె బలమైన కారణము వెదుక నక్కరలేదు.

రెండవది సున్నతో భాగహారము. పూర్ణసంఖ్యను సున్నతో భాగింపు మనినచో ఇంటెల్ ప్రాసెసరు ఎదురు తిరుగును. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ ప్రోగ్రామును అక్కడనే నిలిపివేయును. రిస్క్-ఫైవ్ నిబంధన ప్రకారము ఎట్టి హెచ్చరికయు లేకుండ భాగఫలముగా −1 వచ్చును. ఒక విద్యార్థి తరగతి సగటు మార్కులు లెక్కించు ప్రోగ్రామును వ్రాసినాడు. ఆనాడు పరీక్షకు ఎవరును రాలేదు. ఒక యంత్రము మీద ప్రోగ్రాము ఆగిపోవును. మరొకదాని మీద సగటు −1 అని అచ్చగును. నిబంధన రూపొందించినవారు ప్రాసెసరును సరళముగా ఉంచుట కొరకు ఇట్లు చేసినారు. భాగించుటకు ముందు చూచుకొనవలసిన బాధ్యత ప్రోగ్రామరుది. ఈ నిర్ణయము తప్పు కాదు. కాని ఆగిపోవుట అను రక్షణను నమ్ముకొని వ్రాసిన పాత ప్రోగ్రాములు క్రొత్త ఇంట అబద్ధము చెప్పును.

మూడవది కొంచెము లోతైనది. ధర్మపురి నుండి ఒకాయన కరీంనగరునకు ఒకదాని వెనుక నొకటి రెండు ఉత్తరములు వ్రాసినాడు: 'డబ్బు పంపినాను', తరువాత 'ఇక ఖర్చు పెట్టవచ్చును'. రెండవది ముందు చేరినచో చిక్కు. ఒకే ప్రాసెసరులోని రెండు కోర్లు జ్ఞాపకశక్తి ద్వారా ఇట్లే ఉత్తరములు వ్రాసికొనును. ఇంటెల్ జాతిలో ఒక కోరు వ్రాసినవి వ్రాసిన క్రమములోనే రెండవదానికి కనిపించును. రిస్క్-ఫైవ్ నియమము క్రమము తప్పుటను అనుమతించును; క్రమము కావలెనన్నచో ప్రోగ్రామరు మధ్య 'ఫెన్స్' అను ఆజ్ఞను ఉంచవలెను. అది మరచిన ప్రోగ్రాము వెయ్యిసార్లు సరిగా నడచి వెయ్యిన్నొకటవసారి తప్పును. ఆర్మ్ జాతియు ఇట్టి స్వాతంత్ర్యమునే ఇచ్చుటచే, ఫోనుల కొరకు ఆ తప్పులు చాలవరకు ముందే దిద్దుకొనబడినవి. రిస్క్-ఫైవ్ ఈ విషయమున అన్న వెనుక నడచిన తమ్ముని అదృష్టమును అనుభవించుచున్నది.

ఇక బోర్డు సంగతి. ఇందులోని ప్రాసెసరు స్టార్‌ఫైవ్ సంస్థ వారి జె.హెచ్.7110. దానిలో సైఫైవ్ సంస్థ రూపొందించిన యు74 కోర్లు నాలుగు, ఒక్కొక్కటి 1.5 గిగాహెర్ట్‌జుల వేగము. కాని ఈ సంఖ్యను ఇంటెల్ సంఖ్యతో పోల్చరాదు. యు74 ఆజ్ఞలను వచ్చిన వరుసలోనే నెరవేర్చును. చౌకధరల దుకాణము ముందు వరుసలో ఒకరి కార్డు దొరకక వెదుకుచుండగా వెనుకవారందరు నిలిచియుండుట వంటిది ఈ పద్ధతి. నేటి ఇంటెల్, ఎ.ఎం.డి. కోర్లు కార్డు చేతనున్న వారిని ముందుకు పంపించి పని సాగించును. ఫ్రేమ్‌వర్క్ సంస్థ తానే ఈ బోర్డు పరీక్షలు చేయదలచిన ప్రోగ్రామర్లకు, ఔత్సాహికులకు ఉద్దేశింపబడినదనియు, వేగములో తన ఇతర బోర్డులతో పోటీపడజాలదనియు ముందే తెలియజేసినది. ఈ నిజాయితీ ప్రశంసనీయము. కనుక వేగము తక్కువన్న విమర్శకు విలువ లేదు. చెప్పి ఇచ్చిన లోపము మోసము కాదు.

విమర్శింపదగినవి వేరే ఉన్నవి. ఫ్రేమ్‌వర్క్ లాప్‌టాప్ యొక్క పేరు ప్రతిష్ఠలు దేని మీద నిలిచినవి? భాగములు మార్చుకొనుట మీద. ఇంటెల్ బోర్డులో మెమొరీ పలకలను ఊడదీసి పెద్దవి పెట్టుకొనవచ్చును. ఈ రిస్క్-ఫైవ్ బోర్డులో 8 గిగాబైట్ల మెమొరీ బోర్డునకే అతుకబడి ఉన్నది. ఎంత మెమొరీతో కొన్నామో అంతతోనే కాలము గడుపవలెను. మార్పు కొరకు పుట్టిన పెట్టెలో మారని వస్తువు వచ్చి కూర్చున్నది. ప్రాసెసరు నిర్మాణమే ఇందుకు కారణము కావచ్చును. ఐనను కొనువానికి కారణముతో పని లేదు.

రెండవ లోపము కంటికి కనిపింపనిది, మరింత పెద్దది. ఇంటెల్ జాతి యంత్రము మీట నొక్కగానే, అందు ముందే ఉంచిన ఫర్మ్‌వేర్ తన ఇంటి సామాను జాబితాను ఒక సర్వసమ్మతమైన రూపములో ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందించును. అందుచేత ఒకే పెన్‌డ్రైవులోని లినక్స్‌ను జగిత్యాలలోని కంప్యూటరులోను, నిర్మలలోని కంప్యూటరులోను పెట్టి నడపవచ్చును. జె.హెచ్.7110 వంటి రిస్క్-ఫైవ్ బోర్డులలో ఆ జాబితాను డివైస్ ట్రీ అందురు. బోర్డు బోర్డునకు అది వేరుగా వ్రాయబడవలెను. ఏ తంతి మీద తెర, ఏ చిరునామాలో ఫ్యాను, ఏ గడియారముతో బ్యాటరీ లెక్క అన్నది ఒక మనిషి కూర్చుండి వ్రాసినగాని కెర్నెల్‌కు తెలియదు. ఈ బోర్డునకు సంబంధించిన డివైస్ ట్రీ మూల కెర్నెల్‌లో చేరినది, సంతోషము. ఉబుంటు, ఫెడోరా పంపిణీలు కూడ దీనికై ప్రత్యేకముగా సిద్ధమైనవి. కాని పెట్టె ఒకటే, మరచుట్లు ఒకటే అయినను రేపు వచ్చు వేరొక రిస్క్-ఫైవ్ బోర్డునకు మరల ఇదంతయు కావలెను. లోహములో కుదిరిన సమత ప్రోగ్రాములో ఇంకను కుదరలేదు.

బొమ్మలు గీయు భాగము విషయమై ఇంకను నిరాశ కలుగును. జె.హెచ్.7110లోని ఆ భాగము ఇమాజినేషన్ అను సంస్థ వారి రచన. బోర్డు వెలువడిన నాటికి దాని మొత్తము శక్తిని వాడుకొనగల స్వేచ్ఛా డ్రైవరు మూల కెర్నెల్‌లో లేదు. ఆజ్ఞల పట్టిక అందరిదని చాటింపు వేసి, ఆ పట్టికను పాటించెడు చిప్పులోనే ఒక గదికి తాళము పెట్టినట్లున్నది. రిస్క్-ఫైవ్ అనగానే అంతయు బహిరంగమని వ్రాయువారు ఈ తేడాను గమనింపవలసి యున్నది. పట్టిక బహిరంగము, చిప్పు కానక్కరలేదు.

ఇక బడికి వచ్చి చూతము. కరీంనగర్‌లోని డి.టి.పి. కేంద్రములలో ప్రశ్నపత్రములు ఇప్పటికిని ఎక్కువగా అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో కూర్చబడుచున్నవి. ఈ అక్షరములు యూనికోడ్ కావు. ఆ ప్రోగ్రాములు విండోస్‌వి, వాని మూలము అందుబాటులో లేదు, కనుక తిరిగి కంపైలు చేయుట అసాధ్యము. రిస్క్-ఫైవ్ కొరకు విండోస్ విడుదల కాలేదు. ఇంటెల్ ఆజ్ఞలను ఒక్కొక్కటిగా అనువదించుచు నడిపించు ఉపాయములు కొన్ని ఉన్నను, నెమ్మదియైన ప్రాసెసరు మీద అది కాలికి కట్టె కట్టుకొని నడచుట వంటిది. అట్లే ఇంటెల్ జాతి కొరకు మాత్రమే డ్రైవరు ఇచ్చిన ప్రింటరు ఏదేని బడిలో ఉన్నచో ఆ ప్రింటరు ఈ లాప్‌టాప్‌నకు మూగది. యూనికోడ్‌లో దాచిన పాఠము మాత్రము ఎక్కడకైనను ప్రయాణము చేయగలదు. ఈ బోర్డు తెలుగు అచ్చు ప్రపంచములోని ఒక పాత బాకీని ఎత్తి చూపుచున్నది; ఆ బాకీ బోర్డుది కాదు.

బ్రౌజరు సంగతి నడిమి తరగతిది. వెబ్ పుటలలోని జావాస్క్రిప్ట్‌ను నడిపించు యంత్రాంగము అప్పటికప్పుడు ప్రాసెసరు ఆజ్ఞలను తానే పుట్టించును. అందుచేత కంపైలు చేసిన చాలదు. క్రొత్త ఆజ్ఞలను దానికి చేతితో నేర్పవలెను. క్రోమ్ వాడెడు వి8కు ఈ పని 2021లో జరిగినది. జావాకు 2022 సెప్టెంబరులో వచ్చిన 19వ సంచికలో జరిగినది. ఇవి లేనిదే నేటి వెబ్ పుటలు ఈ బోర్డు మీద తెరచుటకే విసుగు పుట్టును.

బాసరలోని రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమును ఇక్కడ తలపకుండ ఉండలేము. 2008లో, బాసర ఆదిలాబాదు జిల్లాలో నున్నప్పుడు, పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులకై ఏర్పడిన సంస్థ అది. ఇప్పుడు ఆ ఊరు నిర్మల్ జిల్లాలోనిది. విద్యార్థికొక లాప్‌టాప్ ఇచ్చి చదువు చెప్పవలెనని మొదలైన చోటు అది. చదువు ఆరేండ్లు. ఆరేండ్లు ఒక యంత్రము నిలువవలెనన్న ప్రశ్న విడిభాగముల లాప్‌టాప్‌నకు అచ్చముగా సరిపోవు ప్రశ్న. అట్టి విద్యార్థి చేతిలో ఈ బోర్డు ఉన్నదనుకొనుడు. అతనికి ఏమి జరుగును?

ఇక్కడనే ఈ కథలోని అసలైన వివాదము ఉన్నది. రిస్క్-ఫైవ్ పట్టికలో కొన్ని ఆజ్ఞలు తప్పనిసరి, కొన్ని ఐచ్ఛికము. ఏ చిప్పులో ఏవి ఉండునో తెలియక పంపిణీదారులు తికమకపడకుండ ఒక్కొక్క కాలమునకు ఒక్కొక్క ప్రమాణపు కట్టను నిర్ణయించుచున్నారు. 2024 అక్టోబరులో ఆర్.వి.ఏ.23 అను కట్ట ఆమోదము పొందినది. అందు వెక్టరు ఆజ్ఞలు, అనగా ఒక్క ఆజ్ఞతో పెక్కు సంఖ్యల మీద లెక్క చేయునవి, తప్పనిసరియైనవి. 2025 అక్టోబరులో వెలువడిన ఉబుంటు 25.10 ఈ కట్ట ఉన్న ప్రాసెసర్ల మీద మాత్రమే నడచునట్లు తయారైనది. యు74 కోరులో వెక్టరు ఆజ్ఞలు లేవు. అనగా 2025 ఆరంభమున ఉబుంటుతో కలసి ప్రకటింపబడిన బోర్డు ఆ సంవత్సరము ముగియకమునుపే క్రొత్త ఉబుంటుకు దూరమైనది. అంతకంటె వింత, 25.10 విడుదలైన నాటికి ఆ ప్రమాణమునకు సరిపడు యంత్రము మామూలు కొనుగోలుదారునకు అంగడిలో దొరకుట లేదు. క్యూఎము అను అనుకరణ ప్రోగ్రాములో మాత్రమే దానిని నడిపి చూడగలిగినారు.

ఉబుంటు వారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. పాత చిప్పుల కొరకు కనిష్ఠమైన ఆజ్ఞలతోనే అన్ని ప్రోగ్రాములను కంపైలు చేసినచో, రాబోవు శక్తివంతమైన చిప్పులు సగము శక్తితోనే పనిచేయును. పునాది ఆలస్యముగా పెంచుట కంటె, యంత్రములు కొద్దిగా ఉన్నప్పుడే పెంచుట మేలు. పాతవాటి కొరకు 24.04 సంచికకు పోషణ 2029 వరకు ఉండనే ఉన్నది. ఇంజనీరు దృష్టిలో ఇది సబబైన లెక్క. విద్యార్థి దృష్టిలో లెక్క వేరు. 2025లో చేరినవాని చదువు ముగియునది 2031లో. పోషణ దానికి రెండేండ్లు ముందే ముగియును. పెట్టెను, బ్యాటరీని, తెరను పదేండ్లు నిలుపుటకు అంత కష్టపడి, దాని లోపలి బోర్డును తొమ్మిది నెలలలో పాతదిగా ప్రకటించుట పరస్పర విరుద్ధము. ఈ విరోధమునకు పెట్టె తయారుచేసినవారు బాధ్యులు కారు. కాని పెట్టెను పొగడువారు దీనిని దాచరాదు.

డెబియన్ దారి వేరు. అది 13వ సంచికలో పాత కనీస మెట్టునే ఆధారముగా ఉంచుకొన్నది. యు74 కోరు ఆ మెట్టు మీద హాయిగా నిలువగలదు. అవసరమైన ప్రోగ్రాములు మాత్రము తాము నడచుచున్న చిప్పులో వెక్టరు ఆజ్ఞలు ఉన్నవో లేవో ప్రారంభములో అడిగి తెలిసికొని, ఉన్నచో వాడుకొనునట్లు వ్రాయుటకు వీలున్నది. ఇది ప్రోగ్రామర్లకు ఎక్కువ శ్రమ, కొనినవానికి తక్కువ నష్టము. సీ-డాక్ వారి బాస్ లినక్స్‌కు ఆధారము కూడ డెబియనే కనుక, డెబియన్‌లో జరిగిన ఈ పని దేశీయ పంపిణీల దారిని కొంత సుగమము చేయును. బడుల కొరకు ఎన్నుకొనవలసి వచ్చినచో ఈ రెండింటిలో డెబియన్ పక్షమే సరియైనది.

ఇంతకును బోర్డు కొనకుండనే ఈ విషయములన్నియు నేర్చుకొనవచ్చును. పైన పేర్కొన్న క్యూఎము 2018 నుండి రిస్క్-ఫైవ్ యంత్రమును అనుకరింపగలదు. బీరువాలో మూలబడిన పాత ఇంటెల్ లాప్‌టాప్ మీదనే దానిని నడిపి, అందులో రిస్క్-ఫైవ్ డెబియన్‌ను స్థాపించి, 'అ' అను అక్షరపు మూడు బైట్లను సంఖ్యలుగా అచ్చువేయించి రెండు జాతులను పోల్చవచ్చును. నిదానముగా నడచును, కాని సున్నతో భాగించిన ఫలితము తెలిసికొనుటకు వేగముతో పని లేదు.

డీప్‌కంప్యూటింగ్ వారు 2025లో అదే పెట్టెకు రెండవ బోర్డును కూడ తెచ్చినారు. దానిలో ఎస్విన్ సంస్థ వారి ప్రాసెసరు, ఎనిమిది పి550 కోర్లు, 64 గిగాబైట్ల వరకు మెమొరీ ఉన్నవి. పి550 వరుసను దాటి పని సాగింపగల కోరు. వేగములో మొదటి బోర్డు కంటె చాల మేలు. ఐతే దానిలోను వెక్టరు ఆజ్ఞలు లేవు. అందుచేత అదియు ఉబుంటు 25.10 గడప బయటనే నిలిచినది.